అంతరిక్షంతో పది నిమిషాల ముచ్చట

బెల్లంపల్లి పిల్లలకు భూమి లోపలి సంగతులు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. తాత బాయి దిగినవాడో, నాన్న దిగినవాడో, లేదా పక్కింటి మామ దిగినవాడో అయి ఉంటాడు. కానీ భూమి పైన, మేఘాలకు కూడా ఎంతో పైన ఉన్న సంగతులు మనకు పుస్తకాల్లో చదివినవే. అక్కడ, సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, 2000 నవంబరు నుండి ఒక్కరోజు కూడా ఖాళీ లేకుండా మనుషులు ఉంటున్నారు. ఆ ఇంటి పేరు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. అందులో ఉన్నవారితో బడి పిల్లలు నేల మీద నిలబడి రేడియోలో మాట్లాడతారంటే నమ్ముతారా? నమ్మాలి. ఇది పాతికేళ్లుగా జరుగుతున్న పని. ఇది ఎలా సాధ్యమో, మనలాంటి హాస్టల్ పిల్లలకు దీనితో పనేమిటో ఈ వ్యాసంలో చెప్పాలని మా ప్రయత్నం.

హామ్ రేడియో అంటే ఏమిటి?

మనం వినే ఆకాశవాణి ఒకవైపు రేడియో. వాళ్లు చెబుతారు, మనం వింటాం. మనం జవాబు చెబితే వాళ్లకు వినిపించదు. హామ్ రేడియో రెండువైపులదీ. ఇద్దరి దగ్గరా మాట పంపే యంత్రం, వినే యంత్రం రెండూ ఉంటాయి. దీన్నే అమెచ్యూర్ రేడియో అంటారు. అమెచ్యూర్ అంటే డబ్బు కోసం కాక ఇష్టం కొద్దీ చేసేవాడు. ఈ రేడియోలో వ్యాపారపు మాటలు చెప్పకూడదు, పాటలు వేయకూడదు. తెలియనివారితో స్నేహం చేయడం, రేడియో గురించి నేర్చుకోవడం, ఆపద వచ్చినప్పుడు సాయపడటం దీని పని.

ఇది ఎవరుపడితే వారు వాడేది కాదు. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సు లేకుండా మాట పంపితే నేరం. లైసెన్సు వచ్చినవారికి ఒక పిలుపు గుర్తు ఇస్తారు. మన దేశంలో ఎక్కువ మందికి అది 'వి.యు.2' అని గానీ 'వి.యు.3' అని గానీ మొదలవుతుంది. ఆ గుర్తు ప్రపంచంలో ఇంకెవరికీ ఉండదు. అందులో ఇంటి పేరు, ఊరి పేరు, కులం పేరు ఏవీ ఉండవు.

మన హైదరాబాదులో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థను స్థాపించారు. దీన్ని ముద్దుగా 'నియార్' అంటారు. 2004 డిసెంబరులో ఈ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్ దీవులకు వెళ్లి, అక్కడి నుండి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడుతూ ఉంది. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. సరదాగా సాగుతున్న ఆ రేడియోలే అప్పుడు దీవుల క్షేమ సమాచారాన్ని బయటి లోకానికి చేరవేశాయి. హామ్ రేడియో ఆట మాత్రమే కాదని ఆ రోజు అందరికీ తెలిసింది.

ఆకాశంలో మొదటి హామ్

అంతరిక్షం నుండి మొదటిసారి హామ్ రేడియోలో మాట్లాడినవాడు అమెరికా వ్యోమగామి ఓవెన్ గారియట్. 1983 నవంబరు 28న కొలంబియా షటిల్‌లో బయలుదేరిన ఆయన చేతిలో పట్టే చిన్న రేడియోను వెంట తీసుకెళ్లాడు. ఏంటెన్నాను కిటికీ దగ్గర పెట్టి, తీరిక దొరికినప్పుడల్లా కింద ఉన్నవారిని పిలిచాడు. అలా ఆయనతో మాట్లాడినవారిలో జోర్డాన్ దేశపు రాజు హుస్సేన్ కూడా ఉన్నాడు. ఆ రాజు కూడా ఒక హామే. రేడియోలో రాజుకు వేరే వరస లేదు. ఎవరి పిలుపు అందితే వారికే జవాబు. ఈ సంగతి మాకు బాగా నచ్చింది.

తరువాత రష్యావారి మీర్ స్టేషన్‌లోనూ హామ్ రేడియో పెట్టారు. దాన్ని వాడినవారిలో సెర్గీ క్రికల్యోవ్ కథ తెలుసుకోదగ్గది. ఆయన 1991 మే నెలలో మీర్‌కు వెళ్లాడు. పైన ఉండగానే కింద సోవియట్ యూనియన్ అనే దేశమే లేకుండా పోయింది. ఆయన రాక వాయిదా పడి, 311 రోజుల తరువాత 1992 మార్చిలో భూమికి చేరాడు. ఆ రోజుల్లో ఆయన హామ్ రేడియోలో భూమి మీది స్నేహితులతో మాట్లాడుతూ గడిపాడు. హాస్టల్లో చేరిన మొదటి నెల ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆదివారం ఇంటి నుండి ఫోను వస్తే ఆ వారమంతా ఎలా గడుస్తుందో కూడా తెలుసు. వ్యోమగాములు హామ్ రేడియోను ఎందుకు ఇష్టపడతారో అర్థం చేసుకోవడం మనకు కష్టం కాదు. పై అధికారులతో మాట్లాడేది పని మాట. హామ్ రేడియోలో మాట్లాడేది మనసు మాట.

అంతర్జాతీయ కేంద్రంలో కాపురం ఉండటానికి వెళ్లిన మొదటి ముగ్గురిలో ఈ క్రికల్యోవ్ కూడా ఉన్నాడు. ఆ జట్టు నాయకుడు విలియం షెపర్డ్ 2000 డిసెంబరు 21న అమెరికాలోని షికాగో దగ్గర ఉన్న లూథర్ బర్బాంక్ అనే బడి పిల్లలతో మాట్లాడాడు. ఆ కేంద్రం నుండి ఒక బడితో జరిగిన మొదటి ముచ్చట అదే. అలాంటి ముచ్చట్లు ఇప్పటికి వెయ్యి దాటి చాలాకాలమైంది. ఈ కార్యక్రమాన్ని నడిపే బృందం పేరు 'ఏరిస్'. అందులో ఎక్కువమంది జీతం లేకుండా పనిచేసే హామ్‌లే.

పది నిమిషాలే ఎందుకు?

అంతరిక్ష కేంద్రం సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్ల వేగంతో పోతుంది. బెల్లంపల్లి నుండి హైదరాబాదుకు ఆకాశమార్గాన సుమారు 215 కిలోమీటర్లు. మనం రైలెక్కితే పూట గడిచిపోయే ఆ దూరం దానికి అర నిమిషం కూడా పట్టదు. భూమి చుట్టూ ఒక చుట్టు తిరగడానికి దానికి పట్టేది సుమారు గంటన్నర. అంటే ఒక రోజులో దాదాపు 16 సార్లు తిరుగుతుంది.

కానీ భూమి గుండ్రంగా ఉంది కదా! 30 సెంటీమీటర్ల గ్లోబు తీసుకుంటే, దాని మీద అంతరిక్ష కేంద్రం ఎత్తు ఒక్క సెంటీమీటరు కూడా రాదు. వేలి మందం అన్నమాట. అంత దగ్గరగా తిరుగుతున్న వస్తువు గ్లోబు వంపు చాటునుండి పైకి వచ్చినప్పుడే మనకు అందుతుంది. లెక్క కడితే మన చుట్టూ సుమారు 2200 కిలోమీటర్ల వలయంలో అది ఎక్కడున్నా మన దిగంతం పైన ఉన్నట్లే. దక్షిణం నుండి వస్తే భూమధ్యరేఖ దగ్గర ఉండగానే బెల్లంపల్లిలో దాని రేడియో వినడానికి వీలవుతుంది. మన మీదుగా పోయి, హిమాలయాల అవతల కిందికి దిగేవరకు వినవచ్చు. ఇదంతా జరగడానికి పట్టేది ఎక్కువలో ఎక్కువ పది నిమిషాలు. ఆ తరువాత మాట తెగిపోతుంది. ఎవరూ ఆపలేరు, బతిమాలినా ఆగదు.

రోజుకు నాలుగైదుసార్లు అది మన దిగంతం పైకి వస్తుంది. అన్నిసార్లూ నెత్తి మీదుగా పోదు. కొన్నిసార్లు చెట్ల కొనల మీదుగా పక్కనుండి పోతుంది. నెత్తి మీదుగా పోయేదే మంచి అవకాశం.

బాయిలోకి పోని మాట ఆకాశానికి ఎలా పోతుంది?

ఇది మా అందరికీ ఆశ్చర్యం కలిగించిన సంగతి. మన కాళ్ల కింద కొన్ని వందల మీటర్ల లోతున పని చేసే కార్మికుడికి మామూలు రేడియోలో పైనుండి మాట చెప్పలేం. రాయి, బొగ్గు, తడి మట్టి రేడియో తరంగాలను మింగేస్తాయి. అందుకే బాయిలోకి తీగ వేసి ఫోను పెడతారు. అదే 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న మనిషికి ఏ తీగా లేకుండా మాట చేరుతుంది. ఎందుకంటే మధ్యలో అడ్డం లేదు. కొన్ని కిలోమీటర్లు గాలి, ఆపైన దాదాపు అంతా శూన్యమే. దూరం కన్నా అడ్డమే రేడియోకు పెద్ద శత్రువు.

అంతరిక్ష కేంద్రం నుండి హామ్ మాటలు 145.800 మెగాహెర్ట్జ్ మీద వస్తాయి. ఈ తరంగం పొడవు సుమారు 2 మీటర్లు. అందులో నాలుగో వంతు అంటే అర మీటరు కడ్డీ ఉంటే చిన్న ఏంటెన్నా అయిపోతుంది. ఇలాంటి తరంగాలు చూపు పోయినట్లు తిన్నగా పోతాయి. రాత్రిపూట దూరదేశాల స్టేషన్లు వినిపించే షార్టువేవ్ తరంగాలు వేరు. అవి పైనున్న అయనోస్ఫియరు పొరకు తగిలి తిరిగి నేలకు వస్తాయి. 2 మీటర్ల తరంగాలు ఆ పొరను చీల్చుకుని పోతాయి. అందుకే ఆకాశంతో మాట్లాడటానికి ఇవి పనికి వస్తాయి. పైనున్న రేడియో పంపే శక్తి మన గదిలోని పాత ట్యూబులైటు తీసుకునే కరెంటును మించదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన స్టేషన్‌లో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ కూతను గమనించారా? దగ్గరికి వస్తున్నప్పుడు కూత సన్నగా, గట్టిగా ఉంటుంది. మనల్ని దాటగానే అదే కూత బొంగురుపోతుంది. కూత మారలేదు, రైలు వేగం వల్ల మనకు అలా వినిపిస్తుంది. దీన్నే డాప్లర్ ప్రభావం అంటారు. రేడియో తరంగానికీ ఇదే జరుగుతుంది. అంతరిక్ష కేంద్రం మన వైపు వస్తున్నప్పుడు దాని తరంగం సుమారు 3.5 కిలోహెర్ట్జ్ దాకా ఎక్కువగానూ, దూరమవుతున్నప్పుడు అంతే తక్కువగానూ అందుతుంది. దానికి తగినట్లు కింద ఉన్న ఆపరేటరు రేడియోను కొద్దికొద్దిగా తిప్పుకుంటాడు. ఏంటెన్నాను కూడా అది పోతున్న వైపు తిప్పుతూ ఉండాలి. లేత పొద్దుతిరుగుడు మొక్క రోజంతా చేసే పనిని ఏంటెన్నా పది నిమిషాల్లో చేస్తుందన్నమాట.

పిల్లలు ఎలా మాట్లాడతారు?

ముందుగా బడి దరఖాస్తు చేసుకోవాలి. పిల్లలకు ముందూ వెనకా ఏం నేర్పుతారో అందులో రాయాలి. ఎంపికైతే వ్యోమగామికి తీరిక ఉన్న సమయం, కేంద్రం ఆ ప్రాంతం మీదుగా పోయే సమయం రెండూ కలిసే రోజు చూస్తారు. ఆ ప్రాంతపు హామ్‌లు బడికి వచ్చి ఏంటెన్నాలు బిగిస్తారు. ఒకటి పాడైతే ఇంకొకటి ఉండేలా రెండేసి రేడియోలు పెట్టుకుంటారు. అలా వీలుకాని చోట వేరే దేశంలో ఉన్న హామ్ స్టేషన్ అంతరిక్ష కేంద్రాన్ని అందుకుని, ఆ మాటను ఫోను లైను ద్వారా బడికి కలుపుతుంది.

ఆ నిమిషం రాగానే లైసెన్సు ఉన్న ఆపరేటరు కేంద్రాన్ని దాని పిలుపు గుర్తుతో పిలుస్తాడు. ఒక్కోసారి మొదటి పిలుపుకు జవాబు రాదు. బరబర మోత తప్ప ఏమీ వినిపించదు. రెండోసారి, మూడోసారి పిలుస్తాడు. ఆ మోతలోంచి ఒక మనిషి గొంతు పైకి తేలుతుంది. అప్పుడు పిల్లలు వరుసగా మైకు దగ్గరికి వస్తారు. పేరు చెప్పి, ప్రశ్న అడిగి, చివర 'ఓవర్' అంటారు. 'నా మాట అయిపోయింది, ఇక మీరు చెప్పండి' అని దాని అర్థం. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు మాట్లాడటానికి ఈ రేడియోలో వీలుండదు. కాబట్టి వినడం కూడా నేర్చుకోవాలి.

పది నిమిషాలంటే 600 సెకన్లు. ప్రశ్నకు 10 సెకన్లు, జవాబుకు 20 సెకన్లు అనుకుంటే 20 ప్రశ్నలు పడతాయి. ఒకడు తడబడి అర నిమిషం తింటే, వరుసలో చివరన ఉన్న పిల్లవాడి వంతు పోయినట్లే. అందువల్ల ప్రతి ఒక్కరూ తన వెనుక నిలబడినవారి కోసం కూడా సిద్ధపడి రావాలి.

మన దేశం సంగతి

2005 మే 5న మన శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి.-సి6 రాకెట్టు 'హామ్‌శాట్' అనే ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. దాని బరువు 42.5 కిలోలు. అది పూర్తిగా హామ్‌ల కోసం ఇస్రో చేసిన ఉపగ్రహం. అందులో మాటను అందుకుని తిరిగి కిందికి పంపే పరికరాలు రెండు ఉండగా, ఒకటి మన దేశంలో తయారైంది. రెండోదాన్ని తయారుచేసినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన విలియం లీజెనార్. అప్పటికి అతడు ఇంజనీరింగ్ విద్యార్థి! ఆ ఉపగ్రహం 2014 జులై దాకా, అంటే తొమ్మిదేళ్లు పనిచేసింది.

2025 జూన్ 25న మన దేశపు శుభాంశు శుక్లా అమెరికా నుండి బయలుదేరి, మరునాడు అంతరిక్ష కేంద్రానికి చేరాడు. 1984లో రాకేశ్ శర్మ తరువాత భూమి చుట్టూ కక్ష్యలో తిరిగిన రెండో భారతీయుడు ఆయనే. అంతర్జాతీయ కేంద్రంలో అడుగుపెట్టిన మొదటి భారతీయుడూ ఆయనే. జులై 4న బెంగుళూరులోని యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రంలో చేరిన విద్యార్థులతో హామ్ రేడియోలో మాట్లాడాడు. జులై 8న మేఘాలయ రాష్ట్రంలో ఉమియం దగ్గర ఉన్న ఈశాన్య అంతరిక్ష అనువర్తనాల కేంద్రం నుండి ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులు ఆయనతో మాట్లాడారు. పెద్ద నగరాల పిల్లలకే ఇది అనుకునేవారు ఈ రెండో ముచ్చటను గుర్తుపెట్టుకోవాలి. కొండల మధ్య నుండి కూడా మాట పోయింది.

మనం ఏం అడుగుదాం?

మన హాస్టల్‌కు ఆ రోజు ఇంకా రాలేదు. వస్తే ఏం అడగాలో మేము కూర్చుని రాసుకున్నాం. 'స్టేషన్ ఎంత ఎత్తున ఉంది?', 'ఎంత వేగంగా పోతుంది?' అనే ప్రశ్నలను ముందే కొట్టేశాం. పుస్తకంలో దొరికే జవాబు కోసం ఆకాశానికి ఫోను చేయనక్కరలేదు కదా! మేము ఉంచుకున్న ప్రశ్నల్లో రెండు ఇవి.

ఒకటి: బాయిలో గాలి ఆడకపోతే పని ఆపుతారు, సేఫ్టీ ల్యాంపు మంటను చూసి విషవాయువును కనిపెట్టేవారు. మీ దగ్గర గాలి చెడిపోతే మీకు ముందుగా ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న వెనుక మేము తెలుసుకున్న సంగతి ఒకటుంది. భూమి మీద వేడిగాలి పైకి లేస్తుంది, చల్లగాలి కిందికి దిగుతుంది. బరువు తెలియని చోట పైనా కిందా లేవు. వదిలిన ఊపిరి ముఖం దగ్గరే గుమిగూడి ఉండిపోవచ్చు. అందుకని అక్కడ పంకాలు రాత్రీపగలూ తిరుగుతూనే ఉండాలి. బాయి పైన తిరిగే పెద్ద పంకాకూ, అంతరిక్ష కేంద్రంలోని చిన్న పంకాకూ పని ఒక్కటే, మనిషిని బతికించడం.

రెండు: షిఫ్టు దిగి పైకి వచ్చిన మా నాన్నకు మొదట వెలుతురు కొత్తగా ఉంటుంది. భూమికి తిరిగి వచ్చాక మీకు మొదట ఏది కొత్తగా ఉంటుందని అనుకుంటున్నారు?

ఇలాంటి ప్రశ్న బెల్లంపల్లి పిల్లలే అడగగలరు. ఇంకో బడివారికి తోచదు. మన దగ్గర ఏమీ లేదని అనుకుంటాం గానీ, అడగవలసిన ప్రశ్నలు మన ఇళ్లలోనే ఉన్నాయి.

ఇంగ్లీషు భయం చాలామందికి ఉంది, మాకూ ఉంది. కానీ పది సెకన్ల ప్రశ్నకు పెద్ద ఇంగ్లీషు పట్టదు. పది, పన్నెండు చిన్న మాటలు చాలు. గడియారం ముందు పెట్టుకుని చదివి చూశాం. మొదటి రోజు 25 సెకన్లు పట్టిన ప్రశ్న వారం తిరిగేసరికి 9 సెకన్లకు వచ్చింది. పైగా ఈ ముచ్చట్లు ఇంగ్లీషులోనే జరగాలని ఏమీ లేదు. వ్యోమగామికి, పిల్లలకు ఇద్దరికీ వచ్చిన భాష అయితే చాలు. ఇటలీ పిల్లలు ఇటాలియన్‌లో, జపాను పిల్లలు జపనీసులో మాట్లాడిన సందర్భాలు ఉన్నాయి. తెలుగు వచ్చిన వ్యోమగామి అక్కడికి చేరిన రోజున మనం తెలుగులోనే అడగవచ్చు. ఆ వ్యోమగామి ఇప్పుడు ఏ హాస్టల్లో చదువుతున్నాడో, చదువుతున్నదో ఎవరికి తెలుసు?

ఇప్పుడే చేయగలిగిన పనులు

మొదటిది, చూడటం. అంతరిక్ష కేంద్రం మామూలు కంటికి కనిపిస్తుంది. తెల్లవారుజామున గానీ, పొద్దు గూకిన కాసేపటికి గానీ బాగా వెలిగే నక్షత్రంలా, మిణుకు లేకుండా, విమానం కన్నా నిశ్శబ్దంగా సాగిపోతుంది. ఏ ఊరి మీద ఎప్పుడు కనిపిస్తుందో నాసా ముందుగానే ప్రకటిస్తుంది. సార్‌నడిగి ఆ సమయం తెలుసుకుని మేడ మీద నిలబడితే చాలు.

రెండోది, చదవడం. హామ్ పరీక్షలో రేడియో నియమాలు, విద్యుత్తు, ఎలక్ట్రానిక్స్ ప్రాథమిక విషయాలు అడుగుతారు. ఓమ్ నియమం మన పదో తరగతి పాఠంలో ఉన్నదే. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా రాసేలా మన దేశంలో నియమాలు ఉంటూ వచ్చాయి. హాస్టల్లో ఒక్కరికి లైసెన్సు వచ్చినా, మిగిలినవారికి దారి తెలుస్తుంది.

మూడోది, ఆలస్యం చేయకపోవడం. అంతర్జాతీయ కేంద్రం పాతబడుతోంది. 2030 దాటాక దాన్ని జాగ్రత్తగా సముద్రంలోకి దించాలని అనుకుంటున్నారు. మన దేశం 2035 నాటికి సొంత కేంద్రం కట్టాలని సంకల్పించింది. ఈలోగా సిద్ధపడేవారికి రెండు అవకాశాలు, ఊరుకునేవారికి ఒక్కటీ లేదు.

2014 మే 25న మన సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. వాళ్లకు కొండ చిన్నదై ఎదురు రాలేదు, వాళ్లే సిద్ధపడి కొండ దగ్గరికి పోయారు. అంతరిక్ష కేంద్రం అంతకంటే నయం. అదే రోజుకు నాలుగైదుసార్లు మన దగ్గరికి వచ్చి పోతోంది. కార్పొరేట్ కాలేజీ మేడ మీదుగా ఎంతసేపు పోతుందో, మన హాస్టల్ రేకుల మీదుగా కూడా అంతసేపే పోతుంది. అందులో ఒక్క సెకను కూడా తేడా లేదు. ఆ పది నిమిషాల్లో మాట్లాడటానికి కావలసింది నేర్చిన చెయ్యి, అడగదగ్గ ప్రశ్న, చివర 'ఓవర్' అని చెప్పి ఓపికగా వినే చెవి. ఈ మూడూ మనం సంపాదించుకోగలిగినవే.

మిత్రులారా, మీ ప్రశ్న ఏమిటో ఒక కాగితం మీద రాసి మాకు ఇవ్వండి. పది సెకన్లు దాటకుండా చూసుకోండి.